నేల మీద గడిచే నిమిషాలు



ఒక మధ్యాహ్నం కడప విమానాశ్రయంలో హైదరాబాదు విమానం కోసం కూర్చుని ఉన్నాను. చిన్న విమానాశ్రయం. అద్దంలోంచి చూస్తే విమానాలు ఆగే చోటు మొత్తం కనిపిస్తుంది. నేను ఎక్కాల్సిన విమానం అప్పుడే దిగి, మలుపు తిరిగి వచ్చి ఎదురుగా ఆగింది. రెక్కలకు పెద్ద పంకాలుండే ఏటీఆర్ రకం. 70 మందికి కాస్త అటూ ఇటూగా పడతారు. చక్రాలు ఆగగానే చేతి గడియారంలో టైము చూసుకున్నాను. ముప్పయ్యేళ్లు డిగ్రీ పిల్లలకు కాస్ట్ అకౌంటింగ్ చెప్పినవాణ్ని. బట్టల కొట్టు చూసినా, కల్యాణ మంటపం చూసినా, ఇందులో డబ్బు ఎక్కడ పుడుతోంది, ఎక్కడ కారిపోతోంది అని వెతకడం నాకు అలవాటైపోయింది.

ఎడమ పంకా ఆగింది. కుడి పంకా కూడా ఆగింది కానీ ఆ పక్క ఇంజను హోరు మాత్రం తగ్గలేదు. ఈ విమానంలో ఆ ఏర్పాటు ఉంది. కుడి పంకాకు బ్రేకు వేసి ఇంజనును నడవనిస్తారు. లోపల దీపాలకూ చల్లగాలికీ శక్తి దాన్నుంచే వస్తుంది. విమానాల వాళ్లు దీన్ని హోటల్ మోడ్ అంటారు. బయటి నుంచి జనరేటరు బండి తెచ్చి తగిలించే పని తప్పింది. వెనకవైపు తలుపు కిందికి వాలింది. ఆ తలుపుకే మెట్లున్నాయి, వేరే నిచ్చెన బండి అక్కర్లేదు. జనం దిగి నడుచుకుంటూ లోపలికి వచ్చేశారు, బస్సు అక్కర్లేదు. సామాను తలుపు ముందువైపు ఉంది. అదీ ఎడమ పక్కే. అంటే మనుషులూ సామానూ ఒక పక్క, నడుస్తున్న ఇంజను అవతలి పక్క. విమానాన్ని వెనక్కి నెట్టే ట్రాక్టరు కూడా అక్కర్లేదు, తనంతట తానే తిరిగి వెళ్లిపోయేలా నిలబెట్టారు.

మమ్మల్ని పిలిచారు. నేను సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకునేసరికి పంకాలు మళ్లీ తిరుగుతున్నాయి. చక్రాలు ఆగిన క్షణం నుంచి మళ్లీ కదిలిన క్షణం దాకా 26 నిమిషాలు పట్టింది. చౌక విమానం అనే వ్యాపారాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ 26 నిమిషాల దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

టికెట్టు చౌకగా ఎందుకు వస్తోందని అడిగితే చాలామంది, భోజనం పెట్టరు కాబట్టి అంటారు. గంట ప్రయాణంలో భోజనం ఖర్చు ఎంత? ఆ ఒక్కటీ మానేస్తే టికెట్టు ధర సగానికి పడిపోదు. అసలు లెక్క వేరే ఉంది. విమానానికి అద్దె నెలకింత అని కట్టాలి. అది గాల్లో ఉన్నా, నేల మీద ఉన్నా అద్దె మారదు. పైలెట్ల జీతాలు, బీమా కూడా దాదాపు అంతే. సంపాదన మాత్రం గాల్లో ఉన్నప్పుడే. ఒక విమానం రోజుకు 14 గంటలు పనిచేస్తుందనుకుందాం. ఒక్కో ప్రయాణం గంట. ప్రతి ఊళ్లోనూ 50 నిమిషాలు ఆగితే రోజుకు 8 ప్రయాణాలు పూర్తవుతాయి. 25 నిమిషాలే ఆగితే 10 అవుతాయి. 70 సీట్ల విమానమైతే రోజుకు 560 సీట్లు అమ్మాల్సిన చోట 700 సీట్లు అమ్మవచ్చు. అదనంగా వచ్చిన ఆ రెండు ప్రయాణాలకు ఇంధనం, విమానాశ్రయం రుసుములు లాంటివి పడతాయి కానీ, అదే అద్దె, అదే బీమా. చౌక ధర పుట్టేది అక్కడ.

దీన్ని ప్రపంచానికి నేర్పింది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పుట్టిన సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్. 1971 జూన్‌లో డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో అనే మూడు ఊళ్ల మధ్య మొదలైంది. మరుసటి ఏడు డబ్బుకు కటకటలాడి, ఉన్న 4 విమానాల్లో ఒకదాన్ని అమ్ముకోవాల్సి వచ్చింది. సర్వీసులు తగ్గిస్తే కంపెనీ మూతపడుతుంది. అందుకని 4 విమానాల టైమ్‌టేబుల్‌ను 3 విమానాలతోనే నడపాలని నిశ్చయించుకున్నారు. విమానం వచ్చి ఆగిన 10 నిమిషాల్లో మళ్లీ బయల్దేరాలి. సీటు నంబర్లు లేకపోవడం, ఒకే రకం విమానం ఉండటం దానికి కలిసొచ్చాయి, అందరూ అన్ని పనులూ అందుకున్నారు. అవసరంలో పుట్టిన ఆ పద్ధతి తర్వాత ఐర్లండులో రయన్ఎయిర్‌కూ, మన దేశంలో వచ్చిన వాళ్లకూ పాఠమైంది.

ఇక సీట్ల అమ్మకం. మన ఊళ్లలో షేర్ ఆటో చూడండి. ఇంకొక్కరు, ఇంకొక్కరు అంటూ నిండేదాకా స్టాండులోంచి కదలదు. ఆటోవాడికి టైము చేతిలో ఉంది, ధర మాత్రం అందరికీ ఒకటే. విమానానికి టైము చేతిలో లేదు, ఏడుంబావు అంటే ఏడుంబావుకు లేవాలి. కాబట్టి అది ధరను కదుపుతుంది. రెండు నెలల ముందు కొన్నవాడికి ఒక ధర, నిన్న కొన్నవాడికి ఒక ధర. పక్క సీట్లో మనిషి నాకంటే రెండు వేలు తక్కువ పెట్టి కొన్నాడని మనకు కష్టంగా ఉంటుంది. నాకూ ఉంటుంది. కానీ విమానం లేచిన మరుక్షణం ఖాళీ సీటుకు విలువ లేదు. ఖర్చంతా రాబట్టడానికి 70లో 55 సీట్లు నిండాలనుకుంటే, లాభం అనేది ఆ చివరి 15 మందిలోనే ఉంది. ఆ చివరి 15 మంది కోసమే ఈ ధరల ఆట అంతా.

మన దేశంలో ఈ ఆటను మొదట ఆడింది కెప్టెన్ గోపీనాథ్. కర్ణాటకలో హాసన్ జిల్లా గోరూరు మనిషి. సైన్యంలో పనిచేసి, వ్యవసాయం చేసి, హెలికాప్టర్లు నడిపి, 2003 ఆగస్టులో ఎయిర్ డెక్కన్ ప్రారంభించారు. ఆయన జీవితం ఆధారంగా మన తెలుగామె సుధా కొంగర తీసిన సినిమా, ఆకాశం నీ హద్దురా, మీలో చాలామంది చూసే ఉంటారు. సినిమాలో పోరాటం కనిపిస్తుంది. నేను చెప్పదలచింది ఆ పోరాటం వెనకున్న లెక్క.

డెక్కన్ మొదలైన మరుసటి నెలలోనే మన గడ్డ మీద పెద్ద దెబ్బ తిన్నది. 2003 సెప్టెంబరులో హైదరాబాదు నుంచి విజయవాడకు తొలి విమానం. వెంకయ్యనాయుడు గారు, అప్పటి విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ అందులో కూర్చున్నారు. బేగంపేటలో విమానం లేవకముందే ఇంజనులో మంటలు వచ్చాయి. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. కెమెరాలన్నీ అక్కడే ఉన్నాయి. అంతటి అపశకునం ఎదురైతే మూసేసుకుని ఇంటికి పోయేవాళ్లే ఎక్కువ. ఆ కంపెనీ నిలబడింది, నాలుగేళ్లు తిరక్కుండానే 60కి పైగా ఊళ్లకు ఎగిరింది. ఆ ధైర్యానికి ఇవాళ్టికీ నేను చేతులెత్తి మొక్కుతాను.

ఎలా ఎగిరింది? మొదట చిన్న ఏటీఆర్ విమానాలు తీసుకుని, పెద్ద కంపెనీలు చూడని ఊళ్లకు వెళ్లింది. టికెట్లను ఇంటర్నెట్‌లో, ఫోనులో అమ్మింది, ఏజెంట్ల కమీషను మిగిలింది. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన కామన్ మ్యాన్‌ను తన గుర్తుగా పెట్టుకుంది. తాగే నీళ్లు కూడా కొనుక్కోమంది. ఒక్క రూపాయి టికెట్ అని ప్రకటించింది. పన్నులూ రుసుములూ అదనం, ఆ ధరకు దొరికే సీట్లూ కొద్దే. అయినా ఆ ఒక్క రూపాయి మాట ఊరూరా పాకింది. విమానం మనది కాదు అనుకునే గుమాస్తా, రైతు, టీచరు ఒకసారి ప్రయత్నిద్దాం అనుకున్నారు. అన్ని ప్రకటనల ఖర్చులోకీ చవకైన ప్రకటన అదే.

మరి ఇంత ఎగిరిన డెక్కన్ చివరికి ఎందుకు నిలవలేదు? నన్నడిగితే, నిమిషాల లెక్క తప్పడం వల్ల. చిన్న ఊళ్లకు ఏటీఆర్‌లు ఉండగానే, పెద్ద ఊళ్ల మధ్య పోటీకి ఎయిర్‌బస్ 320లు తెచ్చారు. రెండు రకాల విమానాలంటే పైలెట్లు రెండు రకాలు, మెకానిక్కులు రెండు రకాలు, విడిభాగాలకు రెండు గోదాములు. ఒక విమానం మొరాయిస్తే ఆ చోట ఇంకొకటి పెట్టడం కుదరదు. విస్తరణ వేగంగా జరిగింది, ఆలస్యాలు పెరిగాయి. పొద్దున ఒక విమానం గంట ఆలస్యమైతే ఆ రోజంతా అది వెళ్లే ప్రతి ఊళ్లోనూ ఆ గంట వెంటాడుతుంది. ఈలోగా 2005లో స్పైస్‌జెట్, గోఎయిర్, 2006 ఆగస్టులో ఇండిగో వచ్చేశాయి. అందరూ ధరలు తగ్గించారు. ఖర్చు తగ్గించుకోగలిగినవాళ్లు బతికారు.

2007లో విజయ్ మాల్యా గారి యూబీ గ్రూపు డెక్కన్‌లో 26 శాతం వాటాను 550 కోట్లకు కొన్నది. ఆ రోజుల్లో ఒక నిబంధన ఉండేది. దేశంలో ఐదేళ్లు నడిపి, 20 విమానాలున్న కంపెనీకే విదేశాలకు వెళ్లే అనుమతి. డెక్కన్‌కు 2008 ఆగస్టుకు ఐదేళ్లు నిండుతాయి, మాల్యా గారి కింగ్‌ఫిషర్‌కు నిండవు. కొనడానికి ఇతర కారణాలూ ఉండవచ్చు కానీ ఆ వయసుకు విలువ ఉందన్నది అందరికీ తెలిసిన మాటే. పేరు మారి మారి చివరకు కింగ్‌ఫిషర్ రెడ్ అయ్యింది. దర్జా అమ్మే కంపెనీ, చౌక అమ్మే కంపెనీ ఒకే కప్పు కింద చేరాయి. దర్జాకు అలవాటైన ఖర్చు చౌకలోకి పాకింది. 2011లో రెడ్‌ను ఆపేస్తామన్నారు, 2012 అక్టోబరుకు కింగ్‌ఫిషర్ విమానాలన్నీ నేలకే పరిమితమయ్యాయి. ఒక రూపాయికి గుమాస్తాను ఆకాశానికి ఎత్తిన పేరు అలా చెరిగిపోవడం నాకు నిజంగా బాధ కలిగించిన విషయం.

ఇండిగో దీనికి వ్యతిరేక దిశలో నడిచింది. ఎగరకముందే, 2005లోనే, 100 ఎయిర్‌బస్‌లకు ఒకేసారి ఆర్డరు పెట్టింది. టోకున కొన్నవాడికి బేరం కుదురుతుంది కదా. కొన్న విమానాన్ని అద్దె కంపెనీకి అమ్మేసి, దాన్నే తిరిగి అద్దెకు తీసుకుని నడిపింది, చేతిలో నగదు మిగిలింది. మొదటి 11 ఏళ్లు ఒకే కుటుంబం విమానాలతో గడిపింది. పునాది గట్టిపడ్డాకే, 2017 డిసెంబరులో ఏటీఆర్‌ల జోలికి వచ్చింది. ఆ తొలి ఏటీఆర్ లేచింది మన హైదరాబాదు నుంచే, మంగళూరుకు.

ఇక మన చిన్న ఊళ్ల సంగతికి వస్తాను. ఇవాళ ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది దీని కోసమే.

దగ్గరి ప్రయాణంలో ఒక చిక్కుంది. లేవడానికీ పైకెక్కడానికీ కాలే ఇంధనం, దిగినప్పుడు అరిగే బ్రేకులూ టైర్లూ, విమానాశ్రయం రుసుములూ, 300 కిలోమీటర్లు వెళ్లినా 1,500 కిలోమీటర్లు వెళ్లినా వాటిలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా టికెట్టు ధరలోనే. మన దేశంలో విమాన కంపెనీ ఖర్చులో దాదాపు 40 శాతం ఇంధనానిదే. విమాన ఇంధనం జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రాలు తమ ఇష్టప్రకారం పన్ను వేసుకుంటాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని 1 శాతానికి తగ్గించడం మంచి పని. 80 సీట్ల లోపు విమానాలకు దిగే రుసుము లేకపోవడం ఇంకో వెసులుబాటు. విమానాల అద్దె మాత్రం డాలర్లలో కట్టాలి, టికెట్టు డబ్బు రూపాయల్లో వస్తుంది. రూపాయి పడినప్పుడల్లా, ఒక్క ప్రయాణికుడు తగ్గకపోయినా నష్టమే.

ఈ పరిస్థితుల్లో మన దగ్గర ట్రూజెట్ వచ్చింది. హైదరాబాదు కంపెనీ, సినీ నటుడు రాంచరణ్ దానికి బ్రాండ్ అంబాసిడర్‌గా ఉండేవారు. 2015 జులైలో ఏటీఆర్‌లతో మొదలైంది. 2017 ఏప్రిల్ 27న ప్రధానమంత్రి సిమ్లాలో ఉడాన్ పథకం ప్రారంభిస్తూ, కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు సర్వీసులకు కూడా జెండా ఊపారు. ఆ రెండూ నడిపింది ట్రూజెట్టే. అప్పటి ఉడాన్ లెక్క ఇది. గంట ప్రయాణానికి సగం సీట్లను సుమారు 2,500 రూపాయల లోపు అమ్మాలి. వచ్చిన లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం పూడుస్తుంది. ఆ మూడేళ్లూ ఆ దారిలో పోటీ ఉండదు. మూడేళ్ల తర్వాత సొంత కాళ్ల మీద నిలబడాలి.

ఎందరు నిలబడ్డారు? 2023లో కాగ్ ఇచ్చిన నివేదికలో ఉంది. మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 దారుల్లో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తి చేసినవి 112. సాయం ఆగాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ట్రూజెట్ కోవిడ్ దెబ్బ తిని, పెట్టుబడి దొరక్క, 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. తర్వాత కడపకు ఇండిగో వచ్చింది. పెద్ద కంపెనీకి ఒక బలం ఉంది. ఢిల్లీలో ఎక్కినవాడు హైదరాబాదులో మారి రాజమండ్రిలో దిగుతాడు, ఒకే టికెట్టు. చిన్న దారిలో వచ్చే లోటును పెద్ద దారి కొంత మోస్తుంది. ఒంటరిగా చిన్న దారులే నడిపేవాడికి ఆ ఆసరా లేదు.

సీట్లు నిండకపోవడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. మొదటి కారణం సామాను. శంషాబాదులో కడప విమానం కౌంటరు దగ్గర నా ముందు ఒకామె నిలబడి ఉంది. కువైట్ నుంచి అప్పుడే దిగింది. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌లో పనిచేసేవాళ్లు ఎందరో మీకు తెలుసు. తాళ్లతో బిగించిన రెండు అట్టపెట్టెలు, మీద నల్ల సిరాతో పేరూ ఊరూ. కువైట్ టికెట్టు వేరు, కడప టికెట్టు వేరు. ఇక్కడ 15 కిలోలే. మిగతా ప్రతి కిలోకూ డబ్బు కట్టాలి. కౌంటరులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, రూల్ చూపించింది. "మూడేండ్లకు ఒగసారి వస్తాండా పాపా. పిల్లోల్లకు దుప్పట్లు, పాలపొడి డబ్బాలు తెచ్చినా. ఈడ ఇడిసిపెట్టి పోవల్లనా?" అంది ఆమె. ఒక పెట్టె తాడు విప్పి చూసింది, మళ్లీ కట్టేసింది. ఫోను తీసి తమ్ముడితో, బస్సుకే వస్తానని చెప్పింది. ఆ రోజు ఆ విమానంలో ఆమె సీటు ఖాళీగానే ఎగిరింది. ఏటీఆర్‌లో సామాను గది చిన్నది, 15 కిలోల నిబంధనకు కారణం ఉంది. కానీ కడప విమానాన్ని నింపగల జనంలో గల్ఫ్ వాళ్లు ఒక పెద్ద వర్గం. వాళ్ల పెట్టెలను రెండు రోజులు ఆలస్యంగానైనా లారీలో ఇంటికి చేర్చే ఏర్పాటు చేస్తే ఎన్ని సీట్లు నిండుతాయో ఎవరైనా లెక్క కట్టి చూడాలి.

రెండో కారణం టైము. విమానానికి పోటీ రైలు అనుకుంటాం. కడప వరకూ అసలు పోటీ రాత్రి స్లీపర్ బస్సు. రాత్రి తొమ్మిదికి ఎక్కితే తెల్లారేసరికి ఊళ్లో దింపుతుంది. లాడ్జి ఖర్చు మిగులుతుంది, పగలు చెడదు. మధ్యాహ్నం వచ్చే విమానం పట్టుకున్నవాడు హైదరాబాదులో దిగి, శంషాబాదు నుంచి కూకట్‌పల్లి చేరేసరికి ఆఫీసులు కట్టేస్తారు. పని మర్నాటికి పడుతుంది. ఒక రాత్రి లాడ్జి. గాల్లో గంట గెలిచి నేల మీద పూట పోగొట్టుకున్నట్టు. అందుకే నేను గట్టిగా నమ్మేది, సాయం డబ్బు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం సీటుకు ఇంత అని కొలవడం కాకుండా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వారమంతా నడపాలని షరతు పెట్టాలి. వారానికి మూడు రోజులు వచ్చే విమానాన్ని నమ్ముకుని ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. జనానికి అలవాటు పడేదాకా సాయం ఉండాలి. మూడేళ్లలో మొదటి ఏడాది టైములు మారడంలోనే పోతుంది. కొత్త విమానాశ్రయం కావాలని ధర్నా చేసే మన నాయకులు, దిగే విమానం ఏ టైముకు దిగుతుందో కూడా అడగాలని నా విన్నపం.

మొదట చెప్పిన ఆ 26 నిమిషాల రోజున, విమానంలో నా పక్కన ప్రొద్దుటూరు బంగారు వ్యాపారి ఒకాయన కూర్చున్నారు. నెలకు నాలుగుసార్లు హైదరాబాదు పని ఉంటుందట. "ఇదే విమానం తెల్లారి ఏడుకు పోయి, రాత్రి ఎనిమిదికి తిరిగి వచ్చేట్టుంటే నాలుగుసార్లూ నేను దీంట్లోనే వస్తా సార్" అన్నారు. ఆయనవి నెలకు రానూ పోనూ 8 సీట్లు. అలాంటివాళ్లు ప్రొద్దుటూరులో ఎంతమంది ఉంటారని అడిగాను. మా బజారులోనే ఓ ముప్పై మంది ఉంటారన్నారు. 240 సీట్లని మనసులో వేసుకున్నాను. విమానం దిగి, పంకాలు ఆగాక, ఆయన ఫోను తెరిచి తిరుగు ప్రయాణం చూసుకున్నారు. మర్నాటి రాత్రికి బస్సులో కింది బెర్తు బుక్ చేసి ఉంది.